పరిచయం నుంచి పరపతి దాకా: సముదాయాల ద్వారా వ్యాపారాన్ని పెంచుకునే పద్ధతి

తెలుగులో "పరపతి" అనే మాటకు రెండు అర్థాలున్నాయి. నలుగురిలో మాట చెల్లే పలుకుబడి ఒకటి, అప్పు రెండోది. పరపతి సంఘమంటే అప్పులిచ్చే సంఘమే. ఈ రెండు అర్థాలూ ఒకే మాటలో ఎందుకు ఇమిడాయో వ్యాపారం మొదలుపెట్టిన కొన్నాళ్లకు ఎవరికైనా అనుభవంలోకి వస్తుంది. ఒకరు మనల్ని మరొకరికి పరిచయం చేసినప్పుడు, తాము ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న నమ్మకంలో కొంత భాగాన్ని మనకు అప్పుగా ఇస్తున్నారు. పని చక్కగా చేస్తే ఆ అప్పు వడ్డీతో సహా తీరుతుంది. చెడగొడితే మనతోపాటు వారూ నష్టపోతారు. నెట్‌వర్కింగ్ అంటే విజిటింగ్ కార్డులు పంచడమనుకునేవారు ఈ లెక్కను మరిచిపోతారు కాబట్టే, ఎన్ని సమావేశాలకు తిరిగినా వారికి పని దొరకదు.

ఇది కొత్తగా పుట్టిన విద్య కాదు. 1727లో, ఇరవయ్యొక్కేళ్ల ముద్రణ కార్మికుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియాలో "జుంటో" అనే చిన్న బృందాన్ని ప్రారంభించి, ప్రతి శుక్రవారం సాయంత్రం సమావేశపరిచేవాడు. అందులో గుమస్తా, సర్వేయరు, చెప్పులు కుట్టే పని నేర్చినవాడు, వడ్రంగి, అద్దాల పనివాడు ఉండేవారు. పెద్ద ధనవంతులు దాదాపు లేరు. మరుసటి ఏడాది ఫ్రాంక్లిన్ ఒక భాగస్వామితో కలిసి సొంత ముద్రణాలయం తెరిచినప్పుడు, క్వేకర్లనే క్రైస్తవ శాఖవారి చరిత్ర గ్రంథంలో నలభై ఫారాల ముద్రణ పనిని ఇప్పించినది ఆ బృంద సభ్యుడే. తర్వాత భాగస్వామి తండ్రి ఇస్తానన్న సొమ్ము పూర్తిగా ఇవ్వలేక వ్యవహారం కోర్టుకెక్కినప్పుడు, ఇద్దరు జుంటో మిత్రులు ఒకరికి తెలియకుండా మరొకరు వచ్చి డబ్బు సర్దుతామన్నారు. పని ఇప్పించిన పలుకుబడీ, చేబదులు ఇవ్వజూపిన నమ్మకమూ ఒకే గదిలో తయారయ్యాయి. అలాంటి గదిని వెతుక్కోవడం, అక్కడ మసలుకోవడం, అవసరమైతే సొంతంగా ఏర్పరచుకోవడం ఎలాగో అడుగడుగునా చూద్దాం.

మొదటి అడుగు: వ్యాపారాన్ని ఆపుతున్నదేమిటో రాసుకోండి

"వ్యాపారం పెరగాలి" అన్న కోరిక వినిపిస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఒక కాగితం తీసుకుని, రాబోయే ఆరు నెలల్లో మీ చేతులు కట్టేస్తున్నది ఏదో తేల్చుకోండి. కొనేవారు దొరకడం లేదా, ముడిసరుకు సమయానికి అందడం లేదా, పని తెలిసిన మనుషులు లేరా, పెట్టుబడి చాలడం లేదా, ఈ దారిలో ముందే నడిచినవారి సలహా కావాలా? వీటిలో ఒక్కోదానికి వెళ్లవలసిన చోటు ఒక్కోటి. కొనుగోలుదారుల కోసం వెతికేవారు తమ వృత్తి సంఘం సమావేశాలకే తిరుగుతూ ఉంటే, అక్కడ ఎదురయ్యేది ఎక్కువగా పోటీదారులే. సలహా కావలసినవారికి మాత్రం అదే చోటు బంగారు గని.

తర్వాత, మీకు కావలసిన మనిషిని ఒకే వాక్యంలో వర్ణించండి. ఈ వాక్యం ఎంత ఇరుకుగా ఉంటే అంత మంచిది. మీరు ప్యాకింగ్ పెట్టెలు తయారుచేస్తున్నారనుకోండి. "చిన్న వ్యాపారులెవరైనా సరే" అని చెబితే వినేవారి మనసులో ఒక్క ముఖమూ మెదలదు. "గాజు, పింగాణీ వస్తువులను ఆన్‌లైన్‌లో అమ్ముతూ, దారిలో పగిలి తిరిగివచ్చే సరుకుతో విసిగిపోయినవారు" అని చెబితే, వినేవారికి కనీసం ఒకరైనా గుర్తుకొస్తారు. అవకాశాన్ని కుదించుకుంటున్నామేమో అన్న భయం మొదట్లో ప్రతివారికీ ఉంటుంది, కానీ మనిషి జ్ఞాపకం వివరాన్ని పట్టుకున్నట్టుగా సాధారణ మాటను పట్టుకోదు.

రెండో అడుగు: ఇప్పటికే ఉన్న పరిచయాలను లెక్కకు తెచ్చుకోండి

కొత్తవారిని వెతకడానికి ముందు పాతవారి జాబితా రాయాలి. సహాధ్యాయులు, పాత ఉద్యోగంలోని సహచరులు, సరుకు ఇచ్చేవారు, ఒకప్పుడు కొని ఇప్పుడు మానేసినవారు, మీ లెక్కలు చూసే అకౌంటెంటు, ఇలా గుర్తుకొచ్చిన ప్రతి పేరూ రాయండి. చాలామంది తమకు దగ్గరివారి దగ్గరే ఆగిపోతారు. అక్కడే పొరపాటు జరుగుతుంది.

సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో ఇప్పటికీ మొదట చెప్పుకోదగినది. బోస్టన్ శివార్లలో ఉద్యోగాలు మారినవారిలో, పరిచయస్తుల ద్వారా కొత్త ఉద్యోగం తెలుసుకున్నవారిని ఆయన ఒక ప్రశ్న అడిగాడు: ఆ సమాచారం చెప్పిన వ్యక్తిని ఆ రోజుల్లో మీరు ఎంత తరచుగా కలిసేవారు? తరచుగా అన్నవారు 16.7 శాతం, అప్పుడప్పుడు అన్నవారు 55.6 శాతం, ఎప్పుడో అరుదుగా అన్నవారు 27.8 శాతం. అంటే ఆరింట అయిదు వంతుల మేలు పలుచటి పరిచయాల నుంచే వచ్చింది. కారణం తేలికగానే బోధపడుతుంది. రోజూ కలిసేవారికి తెలిసినది దాదాపు మనకు తెలిసినదే, మరో లోకంలో తిరిగేవారే మన చెవిన పడని కబురు మోసుకొస్తారు. లింక్డ్‌ఇన్‌లో రెండు కోట్ల మందికి పైగా వాడుకదారులపై అయిదేళ్లపాటు జరిగిన ప్రయోగాల ఫలితాలు 2022లో వెలువడ్డాయి. అవి ఈ సిద్ధాంతాన్ని బలపరుస్తూనే ఒక చిన్న దిద్దుబాటు చేశాయి: మరీ దూరపువారికంటే, ఒక మోస్తరు దూరంలో ఉన్నవారే ఎక్కువగా ఉపయోగపడతారు. ఇవి రెండూ ఉద్యోగాల మీద జరిగిన అధ్యయనాలు, అమ్మకాల మీద జరిగినవి కావు. అయినా కబురు ప్రయాణించే దారి రెండింటిలోనూ ఒకటే కాబట్టి, జాబితాలో ఏడాదికో రెండేళ్లకో ఒకసారి పలకరించే పేర్ల కింద గీత గీయమని నా సలహా.

ఆ గీత గీసిన పేర్లలో వారానికి ముగ్గురికి ఫోన్ చేయండి, లేదా సందేశం పంపండి. మొదటి పలకరింపులోనే అమ్మకం మాట ఎత్తకూడదు. "మీరు కొత్త శాఖ తెరిచారని తెలిసి సంతోషించాను. ఈ మధ్య నేనూ ఫలానా పనిలోకి దిగాను. వీలున్నప్పుడు పదిహేను నిమిషాలు మాట్లాడదాం" అంటే చాలు. ఏళ్ల తరవాత పలకరించడానికి మొహమాటపడేవారు ఒక్క విషయం ఆలోచించాలి: అలాంటి పలకరింపు మీకే వస్తే మీరు నొచ్చుకుంటారా?

మూడో అడుగు: తగిన బృందాన్ని ఎంచుకోండి

వ్యాపార బృందాలు స్థూలంగా నాలుగు రకాలు. ఒకే వృత్తిలో ఉన్నవారి సంఘాలు మొదటి రకం, వేర్వేరు వృత్తులవారు కలిసే బృందాలు రెండో రకం. ఈ రెండో రకానికి పాత ఉదాహరణ రోటరీ. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది మరో ముగ్గురితో ప్రారంభించిన ఆ క్లబ్బు వంతులవారీగా ఒక్కొక్కరి కార్యాలయంలో సమావేశమయ్యేది కనుకనే దానికి ఆ పేరు వచ్చింది. తర్వాతి కాలంలో అది ప్రధానంగా సేవాసంస్థగా మారింది. 1985లో అమెరికాలో మొదలైన బీఎన్‌ఐ (బిజినెస్ నెట్‌వర్క్ ఇంటర్నేషనల్), వృత్తికి ఒక్కరినే చేర్చుకుని సభ్యులు ఒకరికొకరు పని ఇప్పించుకోవడాన్నే లక్ష్యంగా పెట్టుకుంది. మూడో రకం, ఒకే దశలో ఉన్న వ్యాపారవేత్తలు తమ కష్టసుఖాలు చెప్పుకునే చిన్న కూటములు. నాలుగోది ఆన్‌లైన్ సముదాయాలు. ఇక్కడ ప్రవేశం సులువు, గుర్తింపు కష్టం.

రుసుము కట్టే ముందు అతిథిగా కనీసం రెండుసార్లు వెళ్లి కూర్చోండి. వక్తలు ఎంత బాగా మాట్లాడారన్నది ముఖ్యం కాదు. సమావేశం ముగిశాక జనం వెంటనే వెళ్లిపోతున్నారా, గుంపులుగా నిలబడి మాట్లాడుకుంటున్నారా? పాత సభ్యులు కొత్తవారిని తమంతట తాము పలకరిస్తున్నారా? కిందటి సమావేశంలో ఎవరైనా అడిగిన సహాయం ఏమైందని ఈసారి ఎవరైనా అడిగారా? ఈ మూడో ప్రశ్నకు అవునన్న జవాబు దొరికిన బృందంలో మిగతా లోపాలున్నా చేరవచ్చు. అందరూ అమ్మేవారే, కొనేవారు ఒక్కరూ లేని బృందాల జోలికి మాత్రం పోకండి.

ఎన్నింటిలో చేరాలి? రెండు చాలు. మానవశాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ 1990వ దశకంలో, మనిషి స్థిరంగా నిలుపుకోగల సంబంధాల సంఖ్య సుమారు 150 అని ప్రతిపాదించాడు. ఆ అంకె మీద పరిశోధకుల్లో వాదోపవాదాలు ఉన్నాయి, కానీ పరిమితి అంటూ ఒకటుందని ఏడు వాట్సాప్ గ్రూపులు చదవలేక వదిలేసిన ఎవరైనా ఒప్పుకుంటారు. ఒక బృందం మీ వృత్తిది, మరొకటి మీ కొనుగోలుదారులు తిరిగే చోటు అయితే సరిపోతుంది.

నాలుగో అడుగు: మొదటి సమావేశాల్లో మసలుకోవలసిన తీరు

పదిహేను నిమిషాల ముందే చేరుకోండి. జనం నిండిన గదిలోకి అడుగుపెట్టడం కంటే, నలుగురే ఉన్న గదిలో ఉండి వచ్చేవారిని పలకరించడం బిడియస్థులకు ఎంతో తేలిక. కుర్చీలు సర్దడం, పేర్లు నమోదు చేసుకోవడం వంటి చిన్న బాధ్యత ఏదైనా అడిగి తీసుకుంటే, ప్రతివారితోనూ మాట కలపడానికి ఒక కారణం దొరుకుతుంది. స్వతహాగా మితభాషినైన నేను ఈ ఒక్క ఉపాయంతోనే తొలి ఏడాది నెట్టుకొచ్చాను.

మిమ్మల్ని మీరు పరిచయం చేసుకునే మాట ముప్పై సెకన్లు దాటకూడదు. అందులో ఎవరికి, ఏ ఇబ్బంది, మీరు చేసేదేమిటి అన్న మూడూ ఉండాలి. "ఆన్‌లైన్‌లో గాజు సామాను అమ్మేవారికి దారిలో పగిలే సరుకే పెద్ద నష్టం. ఆ నష్టాన్ని తగ్గించే పెట్టెలను వారి వస్తువు కొలతకు తగినట్టు చేసి ఇస్తాను." ఇంతే. స్థాపించిన సంవత్సరం, యంత్రాల సంఖ్య, పొందిన అవార్డులు ఎవరైనా అడిగినప్పుడు చెప్పుకోవచ్చు. ఆ తర్వాత వినడం మొదలుపెట్టండి. "ఈ మధ్య మీ పనిలో ఎక్కువ సమయం తినేస్తున్నది ఏది?" అన్న ప్రశ్నకు వచ్చే జవాబు పది కార్డుల పెట్టు.

అయిదో అడుగు: రెండు రోజుల్లోగా మళ్లీ పలకరించండి

ఎక్కువమంది ఇక్కడే ఓడిపోతారు. సమావేశం నుంచి వచ్చిన రాత్రే, కలిసినవారిలో ముగ్గురి గురించి నోటుపుస్తకంలోనో ఫోనులోనో నాలుగు మాటలు రాసుకోండి: పేరు, పని, వారు చెప్పిన ఇబ్బంది, మీరు ఇచ్చిన మాట. రెండు రోజుల్లోగా ఆ మాట నిలబెట్టుకోండి. పంపుతానన్న కొటేషన్ నమూనా, చెబుతానన్న మరమ్మతుదారు వివరం, ఏదైనా సరే. చిన్న మాటను సమయానికి నిలబెట్టుకున్నవారికే పెద్ద పని అప్పగించాలనిపిస్తుంది. మాట ఇవ్వకపోయినా, వారి ఇబ్బందికి పనికివచ్చే ఒక సమాచారం పంపవచ్చు. మీ ఉత్పత్తుల కేటలాగు మాత్రం ఆ కోవలోకి రాదు.

ఆ తర్వాత మూడు నెలలకోసారి పలకరింపు చాలు. పండుగ శుభాకాంక్షల బొమ్మలను అందరికీ ఒకేసారి పంపడం పలకరింపు కిందికి రాదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఆరో అడుగు: సిఫారసు అడగడం, ఇవ్వడం

పరపతి లెక్క అసలు రంగంలోకి దిగేది ఇక్కడే కాబట్టి కొంత నిదానంగా చూడాలి.

అడగడానికి తగిన సమయం, మీ పని పూర్తయి కొనుగోలుదారు సంతృప్తిని తన నోటితో చెప్పిన క్షణం. "మీకు తెలిసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి" అన్న మాటకు అందరూ "తప్పకుండా" అంటారు, మరుక్షణం మరచిపోతారు. దానికి బదులుగా, మొదటి అడుగులో రాసుకున్న వాక్యాన్ని ఇక్కడ వాడండి: "మీలాగే పింగాణీ వస్తువులు ఆన్‌లైన్‌లో అమ్మేవారు మీ పరిచయస్తుల్లో ఒకరిద్దరు ఉంటే, వారి అనుమతి అడిగి నాకు పరిచయం చేయగలరా? ఫార్వర్డ్ చేయడానికి వీలుగా నేనే నాలుగు వాక్యాలు రాసి ఇస్తాను." ఇందులో మూడు సుగుణాలున్నాయి. ఎవరు కావాలో తేటగా ఉంది, అవతలివారి అనుమతికి చోటుంది, సిఫారసు చేసేవారికి శ్రమ తగ్గింది.

అనుమతి విషయం చిన్నది కాదు. చెప్పాపెట్టకుండా ఒకరి నంబరును మరొకరికి ఇచ్చేయడం, ఇద్దరినీ ఒక గ్రూపులో పడేసి "మీరిద్దరూ మాట్లాడుకోండి" అని తప్పుకోవడం, ఇవి సాయం చేసినట్టు కనిపించే ఇబ్బందులు. పరిచయం చేయవలసింది మీరైనప్పుడు, ముందు అవతలివారికి రాయండి: "నాకు తెలిసిన ఒకరు పెట్టెల తయారీలో ఉన్నారు. నాకు రెండేళ్లుగా సరుకు ఇస్తున్నారు, ఒక్కసారీ ఆలస్యం చేయలేదు. మీ సరుకు పగిలే సమస్యకు పనికివస్తారనిపించింది. నంబరు ఇమ్మంటారా? వద్దన్నా ఏమీ అనుకోను." చివరి వాక్యం తప్పనిసరి. కాదనడానికి వీలుంటేనే అవుననడానికి విలువ. మీరు స్వయంగా పని చేయించుకోని వ్యక్తిని పరిచయం చేయవలసివస్తే ఆ సంగతి దాచకుండా చెప్పండి: "మనిషి తెలుసు, పని చూడలేదు."

సిఫారసు అందుకున్నాక ఒక రోజులోగా అవతలివారిని సంప్రదించాలి. పని కుదిరినా కుదరకపోయినా, ఫలితాన్ని పరిచయం చేసినవారికి తెలియజేయాలి. ఈ రెండో మర్యాదను పాటించేవారు తక్కువ. పరిచయం చేసినవారు ఏమైందో తెలియక నెలల తరబడి ఉంటే, మరోసారి తమ పరపతిని పణంగా పెట్టడానికి ఎందుకు ముందుకొస్తారు? పని చెడితే కబురు ముందు మీ నుంచే వెళ్లాలి: ఏం జరిగింది, ఎలా సరిదిద్దుతున్నారు అన్న రెండు ముక్కలు చాలు. కమీషన్ ఇచ్చే ఏర్పాటు ఉంటే, ఆ సంగతి కొనుగోలుదారుకు కూడా తెలిసేటట్టు చూడండి. చాటుగా ఇచ్చిన కమీషన్ ఎప్పుడో ఒకప్పుడు బయటపడి, మంచి సలహాను కూడా బేరంగా కనిపించేలా చేస్తుంది.

ఏడో అడుగు: మీ సొంత సముదాయాన్ని నిర్మించండి

తగిన బృందం కనబడకపోతే మీరే మొదలుపెట్టవచ్చు. ఇందులో రెండు దారులున్నాయి. తోటి వ్యాపారవేత్తలతో చిన్న కూటమి పెట్టడం ఒకటి. ఆరు నుంచి పన్నెండు మంది, నెలకు ఒకటో రెండో సమావేశాలు, స్థిరమైన రోజు, స్థిరమైన సమయం. ప్రతిసారీ ఒకరి సమస్యను తీసుకుని గంటసేపు చర్చించండి. జుంటో సభ్యులు ప్రతి సమావేశంలోనూ కొన్ని ప్రశ్నలు వేసుకునేవారు: ఈ మధ్య ఎవరి వ్యాపారం దెబ్బతింది, కారణమేమిటని విన్నారు? ఎవరు వృద్ధిలోకి వచ్చారు, ఏ మార్గంలో? మీరు తలపెట్టిన పనికి మేం ఏ విధంగా సహాయపడగలం? దాదాపు మూడు వందల ఏళ్లు గడిచినా ఇంతకంటే మంచి ఎజెండా నాకు కనిపించలేదు. అక్కడ విన్నది బయటికి పోకూడదన్న నియమం మొదటి రోజే పెట్టండి.

మీ ఉత్పత్తిని వాడేవారిని ఒకచోట చేర్చడం రెండో దారి. హార్లీ డేవిడ్‌సన్ కంపెనీ 1983లో తన మోటారు సైకిళ్ల యజమానుల కోసం ఒక సంఘం ఏర్పాటు చేసింది. కంపెనీ గడ్డు రోజుల్లో ఉన్న కాలమది. కలిసి ప్రయాణాలు చేయడానికి వారికొక వేదిక దొరికింది, బండి చుట్టూ స్నేహాలు అల్లుకున్నాయి. అయితే పేరు గొప్పగా ఉన్నంత మాత్రాన ఇది ఎవరికైనా కుదురుతుందనుకోకూడదు. వాడకందారులకు ఒకరితో ఒకరికి మాట్లాడుకోవలసిన విషయం ఉంటేనే సముదాయం నిలుస్తుంది. కుట్టుమిషన్లు వాడేవారికి డిజైన్లు పంచుకోవాలని ఉంటుంది. నీటి మోటార్లు కొన్నవారికి ఒకరితో ఒకరికి పనేముంటుంది? రెండో కోవకు చెందినవారు గ్రూపు పెట్టే శ్రమను మంచి మరమ్మతు సేవ మీద పెట్టడం మేలు.

జ్ఞానాన్ని పంచుకునే చోట వ్యాపారం తనంతట తాను ఎలా మొలకెత్తుతుందో చెప్పడానికి హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బు చక్కటి ఉదాహరణ. 1975 మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో, ఒక సభ్యుని కారు షెడ్డులో దాని తొలి సమావేశం జరిగింది. తర్వాత యాపిల్ కంపెనీ స్థాపకుల్లో ఒకడైన స్టీవ్ వాజ్నియాక్ తన కంప్యూటర్ డిజైన్‌ను అక్కడే తోటి సభ్యులకు చూపి, వివరాలు ఉచితంగా పంచిపెట్టాడు. ఆ క్లబ్బు పరిచయంతోనే ఒక కంప్యూటర్ దుకాణదారు యాభై యంత్రాలకు ఆర్డరు ఇచ్చాడు. యాపిల్ కంపెనీకి తొలి పెద్ద ఆర్డరు అదే. మీ సముదాయంలో కూడా తొలి మూడు నెలలు ప్రశ్నలకు జవాబులు మీరే చెప్పవలసి ఉంటుంది. సభ్యులు ఒకరికొకరు జవాబులు చెప్పుకోవడం మొదలయ్యాక మీరు వెనక్కి తగ్గాలి. ప్రకటనలకు వారంలో ఒక రోజు కేటాయించి, మిగతా రోజుల్లో వాటిని నిర్దాక్షిణ్యంగా తొలగించండి.

ఎనిమిదో అడుగు: నమ్మకం తప్పుదారి పట్టే చోట్లు

పోటీదారులతో స్నేహం మంచిదే. మీ సామర్థ్యానికి మించిన పని వారికి, వారికి మించినది మీకు మళ్లవచ్చు. కానీ ధరలు ఇంతకు తగ్గకూడదని, ఫలానా ప్రాంతం నీది, ఫలానాది నాదని మాట్లాడుకోవడం చాలా దేశాల్లో పోటీ చట్టాల కింద నేరమో, భారీ జరిమానాకు తగిన తప్పో అవుతుంది. వృత్తి సంఘం సమావేశంలో అలాంటి చర్చ మొదలైతే అభ్యంతరం చెప్పి లేచి రావాలి. మౌనంగా కూర్చున్నవారినీ భాగస్వాములుగానే లెక్కించే ప్రమాదముంది.

రెండో ప్రమాదం, మనవారు చెప్పారు కదా అని పరీక్షించడం మానేయడం. 2008 డిసెంబరులో బయటపడ్డ, అమెరికాలో ఇతరుల పెట్టుబడులు చూసే బెర్నార్డ్ మేడాఫ్ చేసిన మోసంలో మునిగినవారిలో ఎందరో స్నేహితుల, క్లబ్బుల, సేవాసంస్థల పరిచయాల ద్వారానే అతని దగ్గరకు చేరారు. ప్రతివారూ పక్కవారు పరిశీలించే ఉంటారనుకున్నారు. కాబట్టి సిఫారసుతో వచ్చిన వ్యక్తితోనైనా రాతపూర్వక ఒప్పందం రాసుకోండి, పాత కొనుగోలుదారులతో మాట్లాడండి, మొదట చిన్న ఆర్డరుతో మొదలుపెట్టండి. ఒప్పందం అడిగితే ముఖం చిట్లించేవారు దూరమైతే దిగులు పడనక్కరలేదు.

తొమ్మిదో అడుగు: లెక్క చూసుకోండి

ప్రతి కొత్త కొనుగోలుదారునీ "మా గురించి మీకెలా తెలిసింది?" అని అడిగి, జవాబును బిల్లు పక్కనే రాసిపెట్టండి. ఒక్కో బృందానికి నెలకు వెచ్చించిన గంటలు, కట్టిన రుసుము, అక్కడి నుంచి వచ్చిన పని, మీరు ఇతరులకు ఇప్పించిన పని, ఈ నాలుగు అంకెలూ ఒక పట్టికలో ఉండాలి. తొలి మూడు నెలల్లో వచ్చిన పని గడి ఖాళీగా ఉన్నా కంగారు పడవద్దు. ఇప్పించిన పని గడి కూడా ఖాళీగా ఉంటే మాత్రం తప్పు బృందానిది కాకపోవచ్చు. ఏడాది గడిచినా రెండు గడులూ నిండకపోతే బృందం మార్చండి. మానేసేటప్పుడు చడీచప్పుడు లేకుండా మాయం కావద్దు. నిర్వాహకులకు ఫోన్ చేసి కారణం చెప్పి, చేస్తానని ఒప్పుకున్న పని ఏదైనా మిగిలి ఉంటే పూర్తిచేసి, అక్కడ దగ్గరైన నలుగురైదుగురి పేర్లను రెండో అడుగులో రాసుకున్న జాబితాలో చేర్చుకోండి.